పేర్లు లేని కొలతలు

మా మామయ్య ఎవరినీ నమ్మడు. పోనీ, నమ్మినట్టు నటించడమైనా వచ్చా అంటే అదీ రాదు. టీ గ్లాసు చేతికిస్తే ముందు గ్లాసులోకి చూస్తాడు, తర్వాత ఇచ్చిన మనిషి మొహంలోకి చూస్తాడు, ఆ తర్వాతే తాగుతాడు. ముప్పై ఏళ్లుగా ఆ టీ ఇస్తున్నది మా అత్త.

ఆయన దర్జీ. మగవాళ్ల చొక్కాలు, ప్యాంట్లు, కోట్లు తప్ప ఇంకేం ముట్టుకోడు. వీధి మలుపులో కింద షాపు, పైన ఇల్లు. షాపులో పొడవాటి కటింగ్ బల్ల, దాని మీద కాలిన మచ్చలున్న దుప్పటి, బరువైన ఇనుప ఇస్త్రీ పెట్టె, రెండు కుట్టు మిషన్లు, ఒక మూల కంప్యూటర్. గుమ్మం వైపు మిషను మామయ్యది. లోపలి మిషను అత్తది. కాజాలు, గుండీలు, అంచు మడతలు అన్నీ ఆవిడ పని. ఆవిడ ఎక్కువ మాట్లాడదు. మిషను ఆగిందంటే ఏదో అనబోతోందని అర్థం. అందుకే ఆ మిషను ఆగితే మామయ్య చేతిలో కత్తెర కూడా ఆగిపోతుంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నేను ఆయన మేనకోడల్ని. కంప్యూటర్ పని నాకెవరూ నేర్పలేదు. మా ఇంట్లో కంప్యూటర్ డబ్బాని మూడుసార్లు చెడగొట్టి, నాలుగోసారి ఎలా బాగుపడిందో నాకే తెలియక, ఆ ఆశ్చర్యంతో నేర్చుకున్నాను. ఇప్పుడు వీధిలో ఎవరి సిస్టమ్ మొరాయించినా నాకే కబురొస్తుంది. కంప్యూటర్‌ని నడిపించే ఓఎస్ వేస్తాను, దానికి కావాల్సిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు వెతికి పెడతాను, అక్కర్లేని చెత్తంతా ఊడ్చేస్తాను. వచ్చేటప్పుడు గుర్తుగా ఒక చిన్న చిలిపి పని వదిలి వస్తాను. స్కూలు గుమాస్తా కంప్యూటర్ ఆన్ చేస్తే మేక అరుస్తుంది. బేకరీ ఆయన మౌస్ బాణం బదులు రెండు వారాలు ఈగ తిరిగింది, పాపం స్క్రీన్ మీద చాలాసార్లు కొట్టాడట. ఈ చరిత్ర వల్లే, తర్వాత జరిగిన దాంట్లో నా మాట ఎవరూ నమ్మలేదు. వాళ్లని తప్పు పట్టను.

మామయ్య కంప్యూటర్‌కి ఒక కవరు ఉంది, ఆయనే కుట్టాడు. ముదురు నీలం గుడ్డ, ఏడు గుండీలు. ఏడో గుండీకి నల్ల దారం చుట్టి ఒక ముడి వేస్తాడు. ఎవరైనా విప్పితే మళ్లీ అలాగే వేయడం ఎవరి తరమూ కాదని ఆయన ధీమా. మానిటర్ నెత్తిన ఉన్న కెమెరా కంటికి కోటు గుండీ ఒకటి అంటించాడు. మౌస్‌కి గుడ్డ తొడుగు. ఇన్ని చేసినా ఆయనకి తృప్తి లేదు.

"ఒసే కోతీ, శనివారం ఎవరో దీన్ని ముట్టుకున్నారు," అన్నాడొకసారి.

"ముడి విప్పి ఉందా?"

"ముడి బాగానే ఉంది. అదే అనుమానం. స్క్రీన్ మీద సుద్ద పొడి ఉంది."

"దర్జీ కొట్లో సుద్ద పొడి కాక సముద్రం ఇసుక ఉంటుందా మామయ్యా?"

ఆయన నా గోళ్ల సందుల్లో సుద్ద ఉందేమోనని చూశాడు. లోపల అత్త మిషను ఆగకుండా నడుస్తూనే ఉంది.

ఆయన పని చేసే తీరు చెబితే గానీ ఆ భయం ఎందుకో అర్థం కాదు. మనిషి కొలత ఆయన జన్మలో ఒక్కసారే తీస్తాడు. తర్వాత ఆ మనిషి లావెక్కినా, చిక్కినా, వంగినా మళ్లీ టేపు పట్టడు. మధ్యాహ్నాలు గుమ్మంలో స్టూలేసుకుని కూర్చుంటాడు. వీధిలో జనం పోతుంటారు. "కొళాయి పని ఆయనకి ముప్పావు అంగుళం పెరిగింది," అని గొణుక్కుంటూ లేస్తాడు, ఏడు గుండీలు విప్పుతాడు, నడుము కొలత దిద్దుతాడు, మళ్లీ ఏడు గుండీలు పెడతాడు. ఏడాది తర్వాత కొళాయి పని ఆయన గుడ్డ తెచ్చి "కొలత తీసుకో" అంటే, "నీ కొలత నా దగ్గరుంది" అంటాడు. చొక్కా అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. వీధి వీధంతా ఇదేదో విద్య అనుకుంటుంది. రోజూ తమ పొట్టల్ని ఒకాయన గుమ్మంలోంచి కొలుస్తున్నాడని వాళ్లకి తెలియదు. తెలిస్తే ఊరుకోరని ఆయనకి తెలుసు.

రెండేళ్ల కింద నేను ఆయన మీదా ఒక చిలిపి పని చేశాను. డెస్క్‌టాప్‌ని ఫొటో తీసి, ఆ ఫొటోనే వెనక వాల్‌పేపర్‌గా పెట్టి, అసలు ఐకాన్లు దాచేశాను. ఆయన అరగంట సేపు ఫొటోలోని ఫోల్డర్ మీద క్లిక్ చేశాడు. నిజం చెప్పాక తిట్టలేదు. కాసేపు ఆలోచించి, "అంటే వెనకాల మనకి నచ్చిన బొమ్మ పెట్టుకోవచ్చా?" అని అడిగాడు. మర్నాడు, నమూనాలు గీసుకునే పల్చటి బటర్ పేపరు మీద పెన్సిల్‌తో గీసిన ఒక మ్యాప్ ఇచ్చాడు. మా వీధులు నాలుగూ, బస్సు డిపో, దాని వెనక క్వార్టర్లు, ఇళ్లన్నీ చిన్న గడులుగా ఉన్నాయి. దాన్ని స్కాన్ చేసి వెనకాల పెట్టమన్నాడు. "ఎందుకు?" అంటే, "చూడ్డానికి బావుంటుందని," అన్నాడు. బావుంటుందని ఏ పనీ చేసే మనిషి కాదు. అప్పుడే అనుమానించాల్సింది. నా దురదృష్టం, ఆ రోజు షట్‌డౌన్ చేసినప్పుడు కత్తెర చప్పుడు వచ్చేలా పెట్టడంలో మునిగిపోయాను. ఆ కర్రుమనే చప్పుడు ఆయనకి ఎంత ఇష్టమంటే, ఒక్కోరోజు ఊరికే ఆన్ చేసి ఆపేవాడు.

ఈ ఏడాది ఆ డబ్బాకి పెద్ద రోగమే వచ్చింది. ఆన్ చేసి ఒక కాలరు కత్తిరించి వస్తే గానీ మౌస్ కదలదు. లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు.

"ఎవడో లోపల కూర్చుని కాపీ చేసుకుంటున్నాడే," అన్నాడు మామయ్య.

"డిస్కు అరిగిపోయింది. ఓఎస్ కూడా ముసలిదైపోయింది. కొత్త డిస్కు పెట్టి కొత్త ఓఎస్ వేద్దాం."

"అరిగితే చప్పుడు తగ్గాలి గానీ పెరుగుతుందా?"

"మరి నీ మోకాళ్లు ఎలా చప్పుడు చేస్తున్నాయి?"

లోపల అత్త మిషను ఒక్క క్షణం తడబడి మళ్లీ నడిచింది. నవ్విందని నా అనుమానం.

ఆదివారం పొద్దున్న కూర్చున్నాం. మామయ్య మెడలో టేపు వేసుకుని నా పక్కనే స్టూలు లాక్కున్నాడు. పాత డిస్కులో ఉన్న ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేశాను. డెస్క్‌టాప్ మీద నూట ఎనభై ఏడు ఫైళ్లు ఎలా పడితే అలా చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒక్కదానికీ పేరు లేదు. కొత్త ఫైలు ఒకటి, కొత్త ఫైలు రెండు, అలా నూట ఎనభై ఏడు దాకా. ఇంత జాగ్రత్త మనిషికి ఇంత చిందరవందర డెస్క్‌టాప్ ఏమిటా అనుకుని జాలిపడ్డాను కూడా. కాపీ అవగానే ఆయన ఆ బయటి డిస్కు లాక్కుని చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

పాత డిస్కు ఊడదీసి బల్ల మీద పెట్టాను. కొత్తది చేతిలో పెడితే తూచి చూశాడు.

"ఇంత తేలిగ్గా ఉంది. లోపల ఏమైనా ఉందా?"

"ఇంకా ఏం లేదు. మనమే వెయ్యాలి."

పెన్‌డ్రైవ్ పెట్టి ఇన్‌స్టాల్ మొదలుపెట్టాను. స్క్రీన్ మీద అడిగిన ప్రతి ప్రశ్నా ఆయనకి చదివి వినిపించాల్సి వచ్చింది. "నువ్వెక్కడ ఉంటావో చెప్పమంటోంది? దానికెందుకు?" అన్నాడు. వద్దని నొక్కాను. "నీ గొంతు వింటానంటోందా?" వద్దని నొక్కాను. "అడిగిన ప్రతిదానికీ వద్దంటుంటే అది ఊరుకుంటుందా? మళ్లీ ఇంకోలా అడుగుతుంది చూడు," అన్నాడు. మూడు పేజీల తర్వాత నిజంగానే ఇంకోలా అడిగింది. ఆయన నా వైపు చూసిన చూపు మర్చిపోలేను.

శాతం అంకె నెమ్మదిగా పెరుగుతోంది. నేను కాళ్లు సాగదీసుకోవడానికి బయటికి వెళ్లి వచ్చేసరికి దబ్ దబ్ మని చప్పుడు. మామయ్య పాత డిస్కుని బల్ల మీద పెట్టి ఇనుప ఇస్త్రీ పెట్టెతో కొడుతున్నాడు. అప్పటికే అది అప్పడమైపోయింది.

"ఏం చేస్తున్నావ్ మామయ్యా?"

"బయట ఎవడి చేతికైనా చిక్కితే? సరుకంతా కాపీ అయిందన్నావుగా."

అయిందనే అన్నాను. ఫైళ్లన్నీ వచ్చాయి, అది అబద్ధం కాదు. ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేశాను.

సాయంత్రానికి అంతా సిద్ధం. కొత్త ఓఎస్ చిటికెలో లేస్తోంది. ఆయన మ్యాప్ మళ్లీ వెనకాల పెట్టాను. ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదకి తెచ్చాను. అవి ఎడమ పక్కన, ఒకటి, రెండు, మూడు అంటూ బడి పిల్లల్లా వరసగా నిలబడ్డాయి. చూడముచ్చటగా ఉన్నాయి. ఇంత శుభ్రంగా చేశానని మెచ్చుకుంటాడేమోనని పక్కకి జరిగాను.

మామయ్య స్క్రీన్ చూశాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూశాడు.

"ఇళ్లేవే?"

"ఏ ఇళ్లు?"

లేచి వెళ్లి షాపు తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. గొంతు తగ్గించి చెప్పాడు. ఒక్కో ఫైలు ఒక్కో మనిషిది. పేరు రాస్తే ఎవరైనా చూస్తారని పేరు రాయలేదు. ఆ మనిషి ఏ ఇంట్లో ఉంటాడో మ్యాప్ మీద ఆ ఇంటి నెత్తిన ఫైలు పెట్టాడు. లోపల అంకెలు తప్ప ఏమీ ఉండవు. ఫైలు ఎవడైనా ఎత్తుకెళ్లినా వాడికి అది ఎవరి నడుమో తెలియదు. కింద ఉన్న నంబర్లు ఆయన ఏనాడూ చదవలేదు. ఆయనకి ఇల్లు చాలు.

 ఏ ఐకాన్ ఎక్కడ ఉందన్న సంగతి ఫైల్లో ఉండదు. అది ఓఎస్ తన సెట్టింగుల్లో గుర్తు పెట్టుకుంటుంది. ఆ సెట్టింగులు పాత డిస్కులో ఉన్నాయి. పాత డిస్కు చెత్తబుట్టలో ఉంది.

"కొలతలన్నీ ఉన్నాయి మామయ్యా. నూట ఎనభై ఏడూ ఉన్నాయి. ఎవరివో తెలియదంతే," అన్నాను.

"ఎవరికిచ్చావే?"

"ఏంటి?"

"ఎదురు వరస రెడీమేడ్ షాపు వాడికిచ్చావా? ఇళ్లన్నీ వాడి కంప్యూటర్లోకి వెళ్లాయా?"

"నేనెందుకిస్తాను?"

"నువ్వు మేకలు అరిపించేదానివి. నీకు ఎందుకని ఏముంటుంది?"

నేను చెత్తబుట్టలోని ముక్కలకేసి చూశాను.

వేరే రోజుల్లో అయితే మెల్లగా సర్దుకునేవాళ్లం. కానీ అప్పుడే బస్సు డిపో వాళ్లు యూనిఫాంలు కుట్టే పని మామయ్యకి ఇచ్చారు. డ్రైవర్లు, కండక్టర్లు కలిపి నలభై మూడు మంది. ఖాకీ గుడ్డ తానులు బల్ల కింద పేర్చి ఉన్నాయి. సోమవారానికి కాదు, ఆ పై సోమవారానికి ఇవ్వాలి. "వాళ్ల కొలతలన్నీ నా దగ్గరున్నాయి, ఒక్కణ్ణీ పిలవక్కర్లేదు," అని సూపరింటెండెంట్ ముందు చెప్పి మరీ తెచ్చుకున్నాడు. ఎదురు వరసలో రెడీమేడ్ షాపు ఆయన, చిన్నదీ మధ్యదీ పెద్దదీ అంటూ మూడు సైజుల్లో రేపే ఇస్తానని అదే గదిలో కూర్చున్నాడు. ఇప్పుడు టేపు పట్టుకుని డిపోకి వెళ్తే, మామయ్య దగ్గర కొలతలు లేవని ఊరంతా తెలిసిపోతుంది. పోయేది డిపో ఒక్కటే కాదు. "నీ కొలత నా దగ్గరుంది" అన్న మాట మీదే ముప్పై ఏళ్లుగా ఆ షాపు నిలబడి ఉంది.

సోమవారం, మంగళవారం ఇద్దరం ఒక్కో ఫైలూ తెరిచి కూర్చున్నాం. నేను అంకెలు చదువుతాను, ఆయన కళ్లు మూసుకుని వింటాడు.

"ఛాతీ ముప్పై ఎనిమిది. నడుము ముప్పై నాలుగు. ఎడమ భుజం పావు అంగుళం కిందికి."

"సంచి వేసుకునే భుజం. కండక్టర్. రెండో క్వార్టరు." మౌస్ పట్టుకుని ఫైలుని మ్యాప్ మీదికి లాగేవాడు.

"కుడి చెయ్యి ఎడమ దాని కంటే అర అంగుళం పొడవు."

"కొళాయి పని ఆయన. పానా తిప్పీ తిప్పీ."

"మెడ పద్దెనిమిదిన్నర."

"స్కూలు గుమాస్తా. కాలరు గుండీ పెట్టుకోడు, పెట్టుకున్నట్టు కొలతివ్వమంటాడు."

అంకెలు చదువుతుంటే మనుషులు వచ్చి బల్ల ముందు నిలబడ్డట్టుండేది. నాకు నవ్వొచ్చినా నవ్వలేదు, అసలే నా మీద కేసు నడుస్తోంది. కానీ డ్రైవర్ల దగ్గర చిక్కొచ్చింది. ఏళ్ల తరబడి ఒకేలాంటి సీట్లలో కూర్చుని అందరూ ఒకే కొలతకి వచ్చేశారు. నలభై మూడులో పందొమ్మిది మంది తేలారు. మిగతా ఇరవై నలుగురూ ఒక్కళ్లలాగే ఉన్నారు, తేడా అంతా పావు అంగుళాల్లో.

అప్పుడే కొత్త ఫైలు నూట ముప్పై ఒకటి తెరిచాను. రెండే అంకెలున్నాయి. నలభై ఎనిమిది, అరవై రెండు.

"ఇదెవరు మామయ్యా? ఛాతీ నలభై ఎనిమిది, నడుము అరవై రెండు. మనిషా, నీళ్ల ట్యాంకా?"

ఆయన కళ్లు తెరిచాడు. మౌస్ నా చేతిలోంచి తీసుకున్నాడు. "అది తర్వాత చూద్దాం. వెళ్లి టీ పట్రా."

టీ తెచ్చేసరికి ఆయన మొహం మామూలుగా లేదు. మరీ మామూలుగా ఉంది. నేను పైకేం అనకుండా ఫైళ్లు లెక్కపెట్టాను. నూట ఎనభై ఆరు. ఆయన నన్ను అనుమానించడం అలవాటే గానీ, నేను ఆయన్ని అనుమానించడం అదే మొదటిసారి.

మంగళవారం మధ్యాహ్నం మామయ్య గంటసేపు కనబడలేదు. ఆయన వచ్చిన వెనకే రెడీమేడ్ షాపు ఆయన వచ్చాడు.

"ఏం మాస్టారూ, డిపో గేటు దగ్గర నిలబడి డ్రైవర్ల నడుములు చూస్తున్నారట? ఒకతను వచ్చి చెప్పాడు, ఎవరో పెద్దాయన తన వెనక వైపే పది నిమిషాలు చూశాడని."

"బస్సు కోసం నిలబడ్డాను."

"గేటు లోపలా? కొలతలేవో పోయాయని విన్నాను. నిజమేనా?"

"నీకెవరు చెప్పారు?" అని నా వైపు చూశాడు మామయ్య.

"ఎవరూ చెప్పలేదు. కొలతలున్న దర్జీ మంగళవారానికి సగం గుడ్డ కోసేస్తాడు. మీ తానులు ఇంకా బల్ల కిందే ఉన్నాయి." ఆయన తానుల్ని కళ్లతోనే లెక్కపెట్టుకున్నాడు. "రేపు సాయంత్రం దాకా చూస్తానని సూపరింటెండెంట్ అన్నారు. నా దగ్గర సరుకు సిద్ధంగా ఉంది. తొందరేం లేదు."

ఆయన వెళ్లాక మామయ్య చాలాసేపు టేపుని వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి కూర్చున్నాడు. "రేపు టేపు తీసుకుని వెళ్తాను," అన్నాడు చివరికి. ఆ మాట వినగానే నాకు నిజంగా భయమేసింది. నన్ను తిట్టినా బాగుండేది.

బుధవారం పొద్దున్న ఆయన మెడలో టేపు వేసుకుని చెప్పులు తొడుక్కుంటుండగా లోపల మిషను ఆగింది.

మేమిద్దరం అటు చూశాం. అత్త లేచి, దారపు ఉండల పెట్టె పైకెత్తి, దాని అడుగు నుంచి చుట్టి పెట్టిన బటర్ పేపర్లు తీసింది. ఇరవై దాకా ఉంటాయి. పైది తీసుకొచ్చి కంప్యూటర్ ముందు విప్పింది. కాగితం నిండా సుద్ద పెన్సిల్‌తో పెట్టిన చుక్కలు. ప్రతి చుక్క పక్కనా చిన్న అంకె. మూలన కిందటి శనివారం తేదీ.

"ఇదేంటి?" అన్నాడు మామయ్య.

"మీ ఇళ్లు."

ఆయన కాగితం చూశాడు, ఆవిణ్ణి చూశాడు. "ముడి ఎలా విప్పావు?"

"ఆ ముడి పెళ్లైన కొత్తలో మీకు నేర్పిందెవరు?"

కాగితం తీసుకెళ్లి మానిటర్‌కి ఆనించాం. సరిపోలేదు. చుక్కలన్నీ ఇళ్ల మధ్య రోడ్డు మీద పడ్డాయి. మామయ్య అనుమానంగా అత్త వైపు చూడబోయాడు గానీ, ఈసారి తప్పు నాది. కొత్త ఓఎస్ స్క్రీన్ కొలత తనకి నచ్చినట్టు పెట్టుకుంది, నేను చూసుకోలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాత రిజల్యూషన్ పెట్టాను. మ్యాప్ ఒక్కసారి కుంచించుకుని, ప్రతి చుక్క కిందా ఒక్కో ఇల్లు వచ్చి కూర్చుంది.

 అత్త అంకె చదివింది, నేను ఫైలు లాగాను, మామయ్య "ఆ" అన్నాడు. పదకొండు గంటలకల్లా డిపో క్వార్టర్లు నిండాయి. ఒంటిగంటకి అన్ని వీధులూ నిండాయి. ఆయన సోమవారం నుంచి అంకెలు విని చెప్పిన ఇళ్లలో రెండే తప్పు పోయాయి.

అప్పుడు కాగితం మీద ఒక చుక్క మిగిలిపోయింది.

"నూట ముప్పై ఒకటి," అంది అత్త. "టీచరమ్మ ఇల్లు. ఐదు నెలల కింద ఒక్కతీ అద్దెకి దిగింది. మీరు మగవాళ్ల బట్టలే కుడతారు. ఆవిడ ఇంటి మీద చుక్కేంటా అని ప్రతి శనివారం, మీరు మార్కెట్‌కి వెళ్లాక, చూసి గీసి పెడుతున్నాను. ఇవాళ ఆ ఫైలే లేదు. ఏమైందండీ?"

సుద్ద పొడి సంగతి అప్పుడు అర్థమైంది నాకు. మామయ్యకి కూడా అర్థమైనట్టుంది, కానీ అది పట్టుకుని గొడవ పడే స్థితిలో లేడు.

"ఏమో. ఇదే పారేసిందేమో," అని నన్ను చూపించాడు.

ఇంక నాకు దాక్షిణ్యం మిగల్లేదు. రీసైకిల్ బిన్ తెరిచాను. ఒకే ఒక్క ఫైలు ఉంది.

"పారేసింది పారేసినట్టు ఉండదా దీన్లో?" అన్నాడు మామయ్య, మోసపోయిన వాడిలా.

ఫైలు తెరిచి చదివాను. నలభై ఎనిమిది, అరవై రెండు. అత్త పెదవులు బిగిశాయి.

"కిటికీ," అన్నాడు మామయ్య.

"ఏంటీ?"

"అది మనిషి కొలత కాదు, కిటికీ కొలత. ఆవిడ కిటికీలోంచి చూస్తే ఈ స్క్రీన్ మొత్తం కనిపిస్తుంది. ఒక కర్టెన్ కుట్టి ఇచ్చేద్దామనుకున్నాను. ఏమని ఇవ్వాలో తెలియక ఆగాను. ఈ కోతి పైకి చదివేసరికి, నువ్వు వింటే ఏమనుకుంటావో అని..."

"అనుకున్నాను," అంది అత్త. "ఐదు నెలలు."

ఆవిడ ఆయన మెడలోంచి టేపు తీసుకుంది. చెప్పులు వేసుకుని రోడ్డు దాటి టీచరమ్మ ఇంటికి వెళ్లింది. మేం గుమ్మంలో నిలబడి చూశాం. కిటికీలో టేపు నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెరిసింది. తిరిగొచ్చి టేపు ఆయన చేతిలో పెట్టింది.

"నలభై ఎనిమిది. అరవై ఒకటిన్నర."

"అర అంగుళం మడతకి," అన్నాడు ఆయన.

అత్త కాసేపు ఆయన్నే చూసింది. "రోడ్డు ఇవతలి నుంచి కొలిచారా?"

"ఆ."

ఆవిడ వెళ్లి మిషను ముందు కూర్చుంది. ఖాకీ తాను మొదటిది బల్ల మీద పడింది. కత్తెర కదలడం మొదలైంది. సాయంత్రం రెడీమేడ్ షాపు ఆయన వచ్చేసరికి పదహారు చొక్కాల ముక్కలు కత్తిరించి పేర్చి ఉన్నాయి. ఆయన ఒక్కో కట్టా వేలితో కదిపి చూశాడు, ఎవరి కొలతలో అంతు చిక్కక నా మొహం చూశాడు. నేను మానిటర్ మీది కోటు గుండీ వైపు చూశాను. ఆ పై సోమవారం నలభై మూడు జతలు డిపోకి వెళ్లాయి. ఒక్క డ్రైవర్‌కి మాత్రం నడుము దగ్గర పట్టేసింది. "ఈ వారంలోనే ఎక్కడో తిన్నాడు," అన్నాడు మామయ్య, తనకి అన్యాయం జరిగినట్టు.

కర్టెన్ అత్తే కుట్టింది. టీచరమ్మ తీసుకుంది గానీ, అడక్కుండా కర్టెన్ ఎందుకిచ్చారో తేల్చుకోలేక ఇప్పుడు దాని సందులోంచి మా షాపు వైపు చూస్తోంది.

ఇప్పుడు కంప్యూటర్ని నేను వారం వారం చూస్తున్నాను. అప్‌డేట్లు వేస్తాను, ఫైళ్లతో పాటు ఐకాన్ల చోట్లు కూడా విడిగా దాచే పద్ధతి పెట్టాను. కత్తెర చప్పుడు మళ్లీ పెట్టాను, అడిగింది ఆయనే, కాకపోతే "అదేదో ఉండేది కదా" అని అడిగాడు. ఫైళ్లకి పేర్లు మాత్రం రాయనివ్వడు. బ్యాకప్ డిస్కుకి ఒక సంచి కుట్టి ముడి వేశాడు, కొత్త ముడి, అత్తకి రానిది. వారం తిరిగేసరికి అత్త నేర్చుకుంది.

శనివారం శనివారం కాగితం గీయడం మానలేదు. ఇప్పుడు మామయ్య మార్కెట్ నుంచి వచ్చాకే గీస్తారు. ఆయన కాగితం జారకుండా రెండు మూలలూ పట్టుకుంటాడు, ఆవిడ చుక్కలు పెడుతుంది, ఆవిడ సరిగ్గా పెడుతోందా లేదా అని ఆయన పైనుంచి చూస్తుంటాడు.

కిందటి శనివారం ఆవిడ నూట ఎనభై ఎనిమిదో చుక్క పెట్టి ఆగింది. అది రెడీమేడ్ షాపు మీద ఉంది. ఫైలు తెరిస్తే అందులో ఒకే ముక్క ఉంది: మధ్య సైజు.

మిషన్లు రెండూ నిశ్శబ్దంగా ఉన్నాయి. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరూ ఒకేసారి కాగితం మీంచి తలెత్తి నా వైపు చూశారు.